కూర ముట్టని పిల్లలకు కూరగాయలు, పండ్లు అలవాటు చేయడం: నెల రోజుల పని

మా చిన్నోడికి అయిదేళ్ళు. పోయినేడు దాకా వాడి భోజనమంటే ముద్దపప్పు, నెయ్యి, ఆలూ వేపుడు, చివర పెరుగన్నం. అదైనా వాడంతట వాడు తినడు, మేం తినిపించాలి. ఎదురుగా ఫోన్, నోట్లో ముద్ద. ఆ ముద్దని బుగ్గన పెట్టుకుని అయిదేసి నిమిషాలు అలాగే కూర్చునేవాడు. “నమిలి మింగు నాన్నా” అని నేను, “ఇంకెంతసేపురా” అని వాళ్ళ నాన్న. పప్పులో తోటకూర ఆకు ఒక్కటి తగిలినా నాలుకతో బయటికి తోసి, వేలితో తీసి కంచం అంచుకి అంటించేవాడు. అన్నం అయ్యేసరికి కంచం చుట్టూ పచ్చ తోరణం.

ఏడాదంతా నేను వంటల మీద పడ్డాను. బీట్‌రూట్ పూరీ, పాలకూర దోశ, క్యారెట్ ఇడ్లీ, నక్షత్రాల్లా కోసిన కీరా. వాడు కూరగాయలు తినడం నేర్చుకోలేదు గానీ, నేను ఎక్కడ దాచానో కనిపెట్టడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. ఆఖరికి ఉత్త ముద్దపప్పుని కూడా అనుమానంగా కెలికి చూసేవాడు. ఆకలి లేని పిల్లాడికి, మా కంచాల్లోనే సరిగా కనిపించని కూరని, బతిమాలి బతిమాలి పెడుతున్నామని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ మూడింటినీ సరిచేసుకున్నాక వంటలో మార్చాల్సింది కొంచెమే మిగిలింది.

కింద రాసింది రెండేళ్ళు నిండిన పిల్లల నుంచి పదేళ్ళ వాళ్ళ దాకా పనికొస్తుంది. వరుస తప్పకండి. చాలామంది నాలాగే వంటతో మొదలుపెట్టి, పది రోజుల్లో విసిగి వదిలేస్తారు. వంట ఇందులో అయిదోది.

1. మూడు రోజులు రాయండి, ఏమీ మార్చకండి

చిన్న నోట్‌బుక్ తీసుకుని పిల్లాడి నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ టైమ్‌తో సహా రాయండి. మీరు పెట్టింది మాత్రమే కాదు, నానమ్మ పెట్టింది, పక్కింటావిడ చేతిలో పెట్టింది, బడి బస్సులో స్నేహితుడు ఇచ్చింది కూడా. ఒకటి సెలవు రోజయితే మంచిది. మా నోట్‌బుక్‌లో ఒక మంగళవారం ఇలా ఉంది:

6:45 – పాలు, పొడి కలిపి, పెద్ద గ్లాసు
8:00 – ఇడ్లీ ఒకటి, పంచదారతో
10:30 – క్రీమ్ బిస్కెట్లు నాలుగు
12:45 – ఆలూ వేపుడు అన్నం, సగం బాక్స్ వెనక్కి
4:00 – పాలు, ఇంకో గ్లాసు
4:30 – చిప్స్ ప్యాకెట్ (తాతయ్య)
6:15 – బిస్కెట్లు రెండు (ఏడుస్తుంటే)
8:30 – పప్పన్నం, ఫోన్, 40 నిమిషాలు
9:45 – పాలు

“వీడు అసలేమీ తినడండీ” అని నేను రెండేళ్ళుగా కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను. కాగితం మీద చూస్తే తొమ్మిదిసార్లు తిన్నాడు. మూడు గ్లాసుల పాలే దాదాపు ముప్పావు లీటరు. 8:30కి ఆకలెక్కడి నుంచి వస్తుంది?

అదే రోజు వంటింటి కాటా మీద వాడి కూర తూచాను. ఆలూ పక్కన పెడితే, రోజు మొత్తంలో వాడి కడుపులోకి వెళ్ళిన కూరగాయలు 25 గ్రాములు కూడా లేవు. పండు లేదు. కాటా లేకపోతే గరిటెతో కొలవండి, ఫరవాలేదు. కానీ కంటి అంచనాని మాత్రం నమ్మొద్దు, అమ్మ కన్ను ఎప్పుడూ రెండింతలు చూస్తుంది.

2. ఎంత తినాలో తెలుసుకోండి, ఆ అంకెని చూసి బెదిరిపోకండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం కూరగాయలు, పండ్లు కలిపి రోజుకి రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలు కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు 350 గ్రాములు, పదేళ్ళు నిండినవాళ్ళు పెద్దల్లాగే 400 గ్రాములు తినాలి. ఈ లెక్కలోకి ఆలుగడ్డ రాదు. చిలగడదుంప, కంద, చేమదుంప లాంటి దుంపలు కూడా పిండిపదార్థం కిందకే వస్తాయి. మన ఇళ్ళలో “మా వాడు కూర తింటాడండీ” అన్నప్పుడు ఆ కూర చాలాసార్లు ఆలూ వేపుడే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్తగా ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కంచం బొమ్మ ఉంటుంది. అందులో సగం దాకా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. మన కంచం దీనికి పూర్తిగా తలకిందులు. నడుమ గుట్టలా అన్నం, పక్కన నంజుకోవడానికి గరిటెడు కూర, పైన వేపుడు. పిల్లాడు మన కంచాన్నే చిన్న సైజులో తింటున్నాడు. ఇంట్లో నలుగురికి పావుకిలో బెండకాయలు వండి, పిల్లాడు కూర తినట్లేదని అనుకోవడంలో అర్థం లేదు. వండింది వాడి వంతుకి వచ్చినా 60 గ్రాములే కదా.

రోజూ తూచక్కర్లేదు. పిల్లాడి గుప్పెడే కొలత అనుకోండి. రోజుకి పండ్లు రెండు గుప్పెళ్ళు, కూరగాయలు మూడు గుప్పెళ్ళు. ఒక చిన్న జామకాయ ఒక గుప్పెడు. ఒక అరటిపండు ఒకటిన్నర. సున్నా దగ్గర ఉన్న పిల్లాడిని మొదటి వారంలోనే అయిదు గుప్పెళ్ళకి తీసుకెళ్ళాలని చూడకండి. ముందు ఒక పండుతో మొదలుపెట్టండి. తీపి పుట్టుకతోనే ఇష్టం కాబట్టి అక్కడ యుద్ధం ఉండదు.

జ్యూస్‌ని పండు కింద లెక్కపెట్టొద్దు. ఇంట్లో పిండినదైనా, పీచు పోయాక మిగిలేది పండు రంగున్న పంచదార నీళ్ళే. నాలుగు బత్తాయిల జ్యూస్ రెండు నిమిషాల్లో తాగేస్తాడు, నాలుగు బత్తాయిలు ఒలిచి పెడితే ఒకటి తిని లేచిపోతాడు.

3. ఆకలిని వెనక్కి తెచ్చుకోండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఇది కుదిరితే సగం పని అయిపోయినట్టే.

పాలు తగ్గించండి. ఏడాది దాటిన పిల్లలకి పాలు, పెరుగు కలిపి రోజుకి అర లీటరు చాలు. పాలలో ఇనుము దాదాపు ఉండదు. ఎక్కువైతే కడుపు నింపేసి, ఇనుము ఇచ్చే తిండికి చోటు లేకుండా చేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. “పాలు తాగుతున్నాడు కదా, అదే బలం” అని ధీమాగా కూర్చునే ఇల్లు మాది కూడా. ఒకేసారి మానిపించకండి. మొదటి వారం 4 గంటల గ్లాసు తీసేశాను. రెండో వారం రాత్రి గ్లాసుని సగం చేసి, భోజనంలోకి పెరుగుగా మార్చాను.

పాలలో కలిపే పొడి గురించి ఒక మాట. డబ్బా వెనక పోషకాల పట్టికలో 100 గ్రాములకి పంచదార ఎంతో చూడండి, కొన్నిటిలో మూడో వంతు దాకా ఉంటుంది. మన ఆహార భద్రత చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే రకమే లేదని, ఆ పేరున్న విభాగం నుంచి ఇలాంటివాటిని తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పింది కూడా. మేం చెంచా నుంచి అర చెంచాకి, అర నుంచి పావుకి దిగాం. మూడు వారాలు పట్టింది. వాడికి తేడా తెలిసిందో లేదో నాకు తెలియదు, అడగలేదు.

టైమ్‌లు పెట్టండి. మూడు భోజనాలు, రెండు చిరుతిళ్ళు. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏదీ లేదు. రెండున్నర, మూడు గంటల ఖాళీ ఉండాలి. “ఒక్క బిస్కెట్టే కదా” అన్న చోటే ఇదంతా కూలిపోతుంది. మొదటి నాలుగు రోజులు ఏడుపు ఉంటుంది, ముందే తయారవ్వండి. మా ఇంట్లో మూడో రోజు అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. “పసివాడిని పస్తు పెడతావేంటమ్మా” అన్నారు. “పస్తు కాదత్తయ్యా, ఇంకో గంటలో అన్నమే కదా, అప్పుడు మీరే వడ్డించండి” అన్నాను. ఆ రోజు రాత్రి వాడు అడిగి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పప్పన్నమే, కూర ముట్టలేదు. అయినా ఫోన్ లేకుండా 15 నిమిషాల్లో తిన్నాడు. అత్తయ్య ఆ తర్వాత బిస్కెట్ డబ్బా పై అరలో పెట్టేశారు.

ఇక అసలు అవకాశం సాయంత్రం 4 గంటలకి. బడి నుంచి వచ్చిన పిల్లలంత ఆకలిగా రోజంతా ఇంకెప్పుడూ ఉండరు. ఆ ఆకలిని మనం పాలు, బిస్కెట్లతో చంపేస్తున్నాం. వాడు బూట్లు విప్పుతుండగానే బల్ల మీద ఒక పళ్ళెం పెట్టండి. జామకాయ ముక్కలు, వాటి మీద చిటికెడు ఉప్పు. కీరా చక్రాలు. ఉడకబెట్టిన మొక్కజొన్న. “తిను” అనకండి. పళ్ళెం పెట్టి మీ పనిలోకి వెళ్ళిపోండి. మొదటి రోజు మా వాడు పళ్ళెం చూసి, నన్ను చూసి, “బిస్కెట్ ఏది?” అన్నాడు. “ఇవాళ ఇదేరా” అని బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత వెనక కరకర చప్పుడు. తిరిగి చూడలేదు. చూస్తే ఆపేస్తాడని భయం. భోజనంలో ఎంత పోరినా ఎక్కని కూరగాయ, ఈ పళ్ళెం మీద చప్పుడు లేకుండా ఎక్కింది.

నాలుగేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకి హెచ్చరిక: ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. పచ్చి క్యారెట్ ముక్కలు, గట్టి జామ ముక్కలు, పల్లీల గింజలు గొంతుకి అడ్డం పడతాయి. క్యారెట్‌ని తురమండి, లేదా ఉడికించండి. జామ మెత్తగా పండినదే, అదీ గింజలు తీసి పెట్టండి. పరుగెత్తుతూ తినడం ఏ వయసుకైనా వద్దు.

4. ఇంట్లోకి వచ్చేదాన్ని మార్చండి

పిల్లాడితో వాదించడం కన్నా సరుకుల చీటీతో వాదించడం తేలిక. ఇంట్లో చిప్స్ ఉండి, పిల్లాడిని తినొద్దనడం అందరికీ టెన్షన్. ఇంట్లో లేకపోతే గొడవ ఒక్కసారే, కొట్టు దగ్గర.

అలాగని పూర్తిగా నిషేధించకండి. అందకుండా దాచిన తిండి మీద పిల్లలకి యావ ఇంకా పెరుగుతుందని అమెరికాలో పిల్లల తిండి అలవాట్లని ఏళ్ళ తరబడి చూసిన లియాన్ బర్చ్ బృందం 1990ల్లోనే చూపించింది. మా ఇంట్లో శనివారం సాయంత్రం బేకరీ. ఎగ్ పఫ్ ఒకటి, వాడికి నచ్చింది. బాగా చదివాడనో, కూర తిన్నాడనో కాదు, శనివారం కాబట్టి. బుధవారం అడిగితే “శనివారం వెళ్దాం” అంటే చాలు, ఆ మాట నిలబెట్టుకుంటాం కాబట్టి వాడికి నమ్మకం.

ప్యాకెట్ కొనే ముందు వెనక చదవండి. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి మూడింటిలో పంచదార, గ్లూకోజ్ సిరప్, మైదా, పామాయిల్ ఉంటే అది పిల్లల తిండి కాదు, ముందువైపు ఎన్ని పండ్ల బొమ్మలున్నా సరే. కూల్‌డ్రింక్ చిన్న సీసా, 250 మి.లీ.లో సుమారు 26 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే అయిదారు చెంచాలు, పిల్లాడికి రోజు మొత్తంలో మించకూడనంత. పంచదార, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తిండిని బడి గేటుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమం పెట్టింది. మీ బడి గేటు దగ్గర ఏముందో ఒకసారి చూసి, తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. పంచదార ఎంత తింటున్నారో పిల్లలకి తెలిసేలా బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025లో తన బడులకి చెప్పింది. మీ పిల్లల బడిలో ఆ బోర్డు ఉందేమో కూడా చూడండి.

తాతయ్యల సంగతి. మనవడికి కొనిపెట్టడం వాళ్ళకి సంతోషం, దాన్ని లాగేసుకుంటే మనస్పర్థలు తప్ప ఏమీ మిగలదు. నేను మా మావయ్యగారికి పని మార్చాను. “మావయ్యా, సాయంత్రం వాడిని మీరే తీసుకెళ్ళండి. కాకపోతే కొట్టుకి కాదు, రైతుబజారుకి. రోజుకో పండు వాడే ఏరుకోవాలి” అన్నాను. రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ ఆయన అక్కడే కొంటారు, ఏ దుకాణంలో ఎవరి పంటో ఆయనకి తెలుసు. ఇప్పుడు వాడు జామకాయని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, “ఇది కాదు తాతయ్యా, దోరగా ఉన్నది” అంటాడు. తను ఏరిన పండుని తను తినకుండా ఉండటం పిల్లలకి కష్టం.

పండంటే యాపిల్, కివీ అక్కర్లేదు. జామలో సి విటమిన్ కమలాపండులో ఉన్నదానికి సుమారు నాలుగు రెట్లు. బొప్పాయి ఏడాది పొడుగునా దొరుకుతుంది. సంక్రాంతికి రేగుపండ్లు, వేసవిలో ముంజలు, మామిడి, తొలకరికి నేరేడు, దసరా చుట్టుపక్కల సీతాఫలం. గింజ ఉన్న పండుతో చిన్నపిల్లలని ఒంటరిగా వదలకండి, అంతే. సీజన్ పండు చవక, రుచిగా కూడా ఉంటుంది. చప్పటి పండు పెట్టి పిల్లాడికి పండ్లు నచ్చవనుకోవడం అన్యాయం.

5. వంటలో మార్చాల్సినవి

పిల్లలు కూర వద్దనడానికి ముఖ్యంగా కారం, జిగట, మెత్తదనం, అన్నీ కలిసిపోవడం కారణాలు. రుచి అంటాం గానీ అసలు గొడవ ఎక్కువగా నోట్లో తగిలే తీరుతోనే. బీరకాయ కూర గుజ్జులా, సొరకాయ నీళ్ళలా, బెండకాయ జిగురుగా ఉంటే పెద్దవాళ్ళు కూడా మొహమాటానికి తింటారు.

కారం వేయకముందే పిల్లాడి వంతు తీసేయండి. పోపు, ఉప్పు, పసుపు వేసి కూర మగ్గాక ఒక గిన్నెలోకి తీసి, ఆ తర్వాత మిగతాదాంట్లో కారం చల్లండి. వేరే వంట అక్కర్లేదు, వేరే గిన్నె చాలు. వారం వారం చిటికెడు పెంచుకుంటూ పోతే ఏడాదిలో ఇంటి కారానికి వచ్చేస్తారు.

కలపకుండా వడ్డించండి. మనకి అన్నంలో కూర కలిపి ముద్దలు చేసి పెట్టడం ప్రేమ. కానీ నాలుగయిదేళ్ళ పిల్లలకి ఏది ఎక్కడుందో తెలియని ముద్ద అంటే భయం. అన్నం ఒక పక్క, పప్పు ఒక పక్క, కూర ఒక పక్క పెడితే వాడే చూసుకుని, వాసన చూసుకుని, ఒక ముక్క తీసుకుంటాడు.

మా ఇంట్లో మొదట గెలిచింది బెండకాయ. చేసే తీరు చెబుతాను, ఎందుకంటే అంతకుముందు ఇదే కాయని ఆరు నెలలు వాడు ఉమ్మేశాడు. లేత బెండకాయలు, కొన విరిస్తే టప్‌మని విరగాలి. కాయల్నే కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, పావుగంట ఆరనివ్వాలి. తడి ఉంటే జిగురే. చక్రాల్లా కాకుండా నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. వెడల్పాటి మూకుడు బాగా కాగాక నూనె, అందులో బెండకాయలు, ఒకదాని మీద ఒకటి పడకుండా. మూత పెట్టొద్దు, ఉప్పు వేయొద్దు, ఊరికే గరిటె తిప్పొద్దు. పన్నెండు, పదిహేను నిమిషాలకి అంచులు ముదురు రంగులోకి తిరుగుతాయి. దించే ముందు ఉప్పు, వేయించిన నువ్వులపొడి ఒక చెంచా. చేత్తో పట్టుకుని కొరుక్కునేలా ఉంటుంది. వాడు దాన్ని కూర అనడు, “బెండకాయ పుల్లలు” అంటాడు. ఏ పేరైతే నాకేం.

బీరకాయకి నీళ్ళు పోయకండి, దాని నీళ్ళే దానికి ఎక్కువ. తొక్కు పారేయకుండా నువ్వులతో పచ్చడి చేస్తే ఇడ్లీలోకి వెళ్ళిపోతుంది. దొండకాయని సన్నటి చక్రాలుగా కోసి కొబ్బరికోరుతో వేయించండి. పులుపు పిల్లలకి ఇష్టం, అందుకే తోటకూర ముట్టని వాళ్ళు కూడా చుక్కకూర పప్పు, చింతచిగురు పప్పు, గోంగూర తింటారు. ఆకుకూరలని అక్కడి నుంచి మొదలుపెట్టండి. తియ్యటిది కావాలంటే తీపి గుమ్మడికాయ ముక్కల పులుసు. సొరకాయ తురిమి సర్వపిండిలో కలిపితే, కరకరలాడే అంచు కోసం పిల్లలు కొట్టుకుంటారు. కాస్త పెద్దపిల్లలకి ములక్కాడ నమిలి పీల్చి పారేయడం ఒక ఆట. కాకరకాయ జోలికి మాత్రం మొదటి ఆరు నెలలు వెళ్ళకండి. చేదు కొందరు పిల్లలకి పుట్టుకతోనే మనకన్నా ఎక్కువ తెలుస్తుంది, అది మొండితనం కాదు.

ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండండి. అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నూనె, నెయ్యి కొంచెం ఉండాలి, ఆకుల్లోని కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది) కొవ్వుతోనే ఒంటికి పడుతుంది. భోజనంతో టీ వద్దు, అది ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వదు. నానమ్మ కప్పులో నుంచి రెండు గుక్కలు తాగే పిల్లలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

దాచిపెట్టి పెట్టడం తప్పా? దోశ పిండిలో పాలకూర రుబ్బి పోయొచ్చు, తప్పేం లేదు. కాకపోతే “ఇది పాలకూర దోశ” అని చెప్పి పెట్టండి. మోసపోయానని తెలిసిన పిల్లాడు తర్వాత మామూలు దోశని కూడా నమ్మడు. నా అనుభవం మొదట్లోనే రాశాను.

వంట కన్నా ముందు తరిగే పని ఉంది. చిక్కుడుకాయ ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం, తోటకూర ఆకులు కాడల నుంచి తుంచడం, ఇవన్నీ మూడేళ్ళ పిల్లలు చేయగలిగినవే. కత్తిపీటకి దూరంగా కూర్చోబెట్టండి. తరుగుతూ తరుగుతూ ఒక కీరా ముక్క, లేత బెండకాయ కొన మీ నోట్లో వేసుకోండి. వాడికి ఇవ్వకండి. అడుగుతాడు.

6. కంచం ముందు

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చింది అమెరికా డైటీషియన్ ఎలిన్ సాటర్ చేసిన పని విభజన. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దవాళ్ళ పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడి పని. వాళ్ళ పని మనం చేయకూడదు, మన పని వాళ్ళకి అప్పజెప్పకూడదు. “ఏం వండను నాన్నా?” అని అయిదేళ్ళ పిల్లాడిని అడిగితే ఆలూ అంటాడు, ఇంకేమంటాడు?

అంటే తినిపించడం మానాలి. చేతితో ముద్దలు పెట్టడం ముచ్చటే, పండక్కి పెట్టండి. రోజూ మాత్రం వాడి చేత్తో వాడే తినాలి. కింద పోసుకుంటాడు, పేపర్ పరవండి. ఫోన్, టీవీ ఆపండి, మీవి కూడా. బొమ్మ చూస్తూ మింగే పిల్లాడికి కడుపు నిండిందో లేదో, నోట్లో ఏముందో తెలియదు. తెలియని తిండి అలవాటు ఎలా అవుతుంది? భోజనానికి 20, 25 నిమిషాలు. అయిపోగానే కంచం తీసేయడమే, కోపం లేకుండా.

బతిమాలడం ఎందుకు పనిచేయదో చూపించిన ప్రయోగం ఒకటుంది. 2006లో బర్చ్ బృందమే ప్రీస్కూల్ పిల్లలకి రెండు రకాల సూపులు ఇచ్చి, ఒకదానికి “సూప్ పూర్తి చెయ్” అని పదేపదే చెప్పి, రెండోదానికి ఏమీ అనకుండా వదిలేసింది. పిల్లలు ఏమీ అనని సూపే ఎక్కువ తాగారు, చెప్పించుకున్న సూపుని బాగాలేదన్నారు. మన ఇళ్ళలో సూప్ బదులు బీరకాయ, అంతే.

అందుకే ఈ మాటలు మానండి: “కూర తింటే చాక్లెట్ ఇస్తా” (కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మీరే నేర్పినట్టు). “చూడు, అక్క ఎంత బాగా తింటోందో.” “తినకపోతే బూచోడొస్తాడు.” వాటితో పాటు వచ్చినవాళ్ళ ముందు “మావాడు కూరలే ముట్టడండీ” అనడం కూడా. ఆ మాట విని విని పిల్లాడు దాన్ని తన పేరులా మోస్తాడు. బదులుగా నేను అనేవి: “ఇవాళ బీరకాయ, పప్పు. ముందు ఏది వేసుకుంటావ్?” వద్దంటే, “సరే, కంచంలో ఉండనీ.” ఉమ్మేస్తే, “నచ్చలేదా, సరే, పక్కన పెట్టు.” అంతే. గొంతులో నిట్టూర్పు కూడా ఉండకూడదు, పిల్లలు నిట్టూర్పుని మాటకన్నా ముందు వింటారు.

కొత్త కూర నచ్చడానికి పిల్లలకి పది, పదిహేనుసార్లు ఎదురుపడాలి. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త తిండి అంటే బెదురు ఎక్కువ, అది ఆ వయసు లక్షణం. మనం మూడుసార్లు వండి “వీడికి పడదు” అని వదిలేస్తాం. వంటింటి క్యాలెండర్ మీద గీతలు గీయండి. మా క్యాలెండర్‌లో దొండకాయకి పదకొండు గీతలున్నాయి. నాలుగోసారి ముట్టుకున్నాడు, ఏడోసారి నాలుకకి తగిలించాడు, తొమ్మిదోసారి నమిలి ఉమ్మాడు, పదకొండోసారి రెండు చక్రాలు మింగాడు. ప్రతిసారీ వడ్డించేది పెద్ద చెంచాడు మాత్రమే, పారేసినా మనసుకి బాధ లేనంత. కంచంలో వాడికి తెలిసినది ఒకటి ఎప్పుడూ ఉండాలి, అన్నమో పెరుగో. లేకపోతే ఆకలితో కూర్చోబెట్టినట్టు అవుతుంది.

చివరిగా, నాన్నల కంచం. మా ఆయన జీవితంలో సొరకాయ తిని ఎరగరు. వాడు వాళ్ళ నాన్న కంచంలోకి చూసి నా వంక చూసినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఆయనా తింటున్నారు, మొహం కొంచెం మార్చుకుని.

7. బడి బాక్స్

చల్లారినా బాగుండేవే పెట్టండి. నిమ్మకాయ పులిహోరలో క్యారెట్ తురుము, బఠాణీ. మెంతి చపాతి, చుట్టి కోసినది. పెసరట్టు ముక్కలు. చిన్న డబ్బాలో పండు. కోసిన జామ, యాపిల్ మీద నిమ్మరసం రాస్తే నల్లబడవు. వెనక్కి వచ్చిన బాక్స్‌ని తిట్టకుండా తెరవండి, అందులో సమాచారం ఉంటుంది.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకి మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతులకి రోజుకి 50 గ్రాములు, పై తరగతులకి 75 గ్రాముల కూరగాయలు ఉండాలన్నది కేంద్ర నియమం. సాంబారులో తేలే రెండు ముక్కలేనా, నిజంగా అంత పడుతోందా అన్నది బడి యాజమాన్య కమిటీలో అడగొచ్చు. అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది.

8. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

కూర వద్దనడం మామూలే. కానీ బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా అసలు పెరగకపోయినా, పాలిపోయి ఊరికే అలసిపోతున్నా, మట్టి, సుద్దముక్క, పచ్చి బియ్యం తింటున్నా పిల్లల డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. మట్టి తినడం చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. ముద్ద మింగుతుంటే పొలమారుతున్నా, తినే పదార్థాలు పదికి లోపే ఉండి రోజురోజుకీ తగ్గిపోతున్నా, ఒకే రంగు, ఒకే రకం తప్ప ముట్టకపోయినా పైన చెప్పిన పద్ధతి సరిపోదు. వాళ్ళకి వేరే సాయం కావాలి. మలబద్ధకం ఎక్కువగా ఉన్న పిల్లలకి ఆకలే వేయదు, ముందు అది తగ్గాలి. ఆకలి టానిక్కులు మీరే కొనకండి.

నెలకి మళ్ళీ మూడు రోజులు రాయండి, మళ్ళీ తూచండి. మాది నెల చివర 110 గ్రాములు వచ్చింది, అందులో 70 పండ్లే. ఇప్పుడు పదో నెల, మొన్న తూచితే 210. కాకరకాయ గీతలు ఈమధ్యే మొదలుపెట్టాను. మూడున్నాయి, మూడుసార్లూ కంచం అంచుకే అంటించాడు.